మాటకు మాట: ‘సెట్’ గురించి మీరడిగినవి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలామటుకు ఒకే ఇంగ్లిష్ మాట చుట్టూ తిరిగాయి. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ‘సెట్’కే ఇస్తున్నాం.

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను. నిఘంటువు తెరిస్తే ‘సెట్’ కింద అర్థాలు పేజీలకు పేజీలు ఉన్నాయి. ఇవన్నీ బట్టీ పట్టాల్సిందేనా? వేరే దారి ఏమైనా ఉందా? (డిగ్రీ విద్యార్థిని, నంద్యాల)

జవాబు: బట్టీ పట్టకండి, పట్టినా నిలవదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 1989 నాటి రెండో కూర్పులో ‘సెట్’ క్రియ ఒక్కదానికే 430 అర్థాలు చెప్పారు. ఆ మాటకు ఇచ్చిన వివరణే దాదాపు 60 వేల పదాలు. తర్వాతి కూర్పు పని సాగుతుండగా ‘రన్’ 645 అర్థాలతో దాన్ని దాటిపోయింది. ఇంగ్లిష్ ఇంటి భాషగా పెరిగినవాళ్లు కూడా ఈ 430ని వరసగా నేర్చుకోరు. వాళ్ల మనసులో ఉండేది ఒకే బొమ్మ. అది మనకూ బాగా తెలిసిన బొమ్మే.

తెలుగులో ‘దిగు’ అంటే తనంత తాను దిగడం, ‘దించు’ అంటే ఇంకొకదాన్ని కిందికి తేవడం. లేచు, లేపు; పడుకొను, పడుకోబెట్టు; కూర్చొను, కూర్చోబెట్టు. ఇంగ్లిష్‌లోనూ ఇలాంటి జంటలు పూర్వం నుంచీ ఉన్నాయి. ‘ఫాల్’ అంటే పడడం, ‘ఫెల్’ అంటే చెట్టును పడగొట్టడం. ‘లై’ అంటే పడుకోవడం, ‘లే’ అంటే పడుకోబెట్టడం. అలాగే ‘సిట్’ అంటే కూర్చోవడం, ‘సెట్’ అంటే కూర్చోబెట్టడం. ఈ రహస్యం తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఇక ‘సెట్’ కనిపించినప్పుడల్లా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఏది కూర్చుంటోంది? ఎక్కడ కూర్చుంటోంది? కూర్చున్నాక కదులుతుందా? ఉంగరంలో రాయిని ‘సెట్’ చేశారంటే రాయి గూట్లో కూర్చుంది, ఇక కదలదు, కాబట్టి పొదిగారు. విరిగిన ఎముకను ‘సెట్’ చేశారంటే తొలగిన ముక్కను దాని చోటికి తెచ్చి కట్టు కట్టారు. పుత్తూరు కట్టు కట్టేవాళ్లను ఇంగ్లిష్‌లో ‘బోన్‌సెట్టర్లు’ అనడం అందుకే. ఉచ్చును ‘సెట్’ చేస్తే పన్నడం, ధరను ‘సెట్’ చేస్తే ఖాయం చేయడం, ప్రశ్నపత్రాన్ని ‘సెట్’ చేస్తే ప్రశ్నల్ని వాటి వరసలో కూర్చడం, పాటకు సంగీతాన్ని ‘సెట్’ చేస్తే బాణీ కట్టడం. తెలుగు క్రియ ప్రతిసారీ మారుతోంది కానీ బొమ్మ మారడం లేదు.

ఒక్క చోట మాత్రం ఈ సూత్రం పనిచేయదు. ‘గుంపు, సముదాయం’ అనే అర్థంలో వాడే ‘సెట్’ పుట్టుక వేరు. లాటిన్‌లోని ‘సెక్టా’ పాత ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చి, అప్పటికే ఉన్న క్రియతో కలిసిపోయింది. మతశాఖను ‘సెక్ట్’ అంటాం కదా, దానిదీ అదే వేరు. గణితంలో మనం ‘సమితి’ అని చదువుకునే ‘సెట్’లో ఉన్నది ఈ సముదాయం అర్థమే.

ప్రశ్న: ‘నిన్న పెట్టాను’ అనడానికి ‘సెట్టెడ్’ అని రాస్తే మాస్టారు కొట్టేశారు. ఎందుకు? (ఇంటర్ విద్యార్థి, కాకినాడ)

జవాబు: ‘సెట్’ మూడు కాలాల్లోనూ ‘సెట్’గానే ఉంటుంది. పుట్, కట్, హిట్, షట్, లెట్, కాస్ట్, హర్ట్ కూడా ఇదే బడిలో చదివినవే. ‘సెట్టెడ్’ అనే రూపమే లేదు. ‘సెట్టింగ్’ రాసేటప్పుడు మాత్రం ‘టీ’ అక్షరం రెండుసార్లు వేయాలి. మరి అది నిన్నటి మాటో ఈరోజు మాటో ఎలా తెలుస్తుంది? కర్త ‘హి’ అయినప్పుడు చూడండి. ‘హి సెట్స్’ అంటే రోజూ చేసేది, ‘హి సెట్’ అంటే చేసేసింది. ఆ ‘స్’ ఒక్కటే తేడా. పరీక్షలో మార్కు పోయేది సరిగ్గా అక్కడే.

ప్రశ్న: సివిల్ డిప్లొమా చదువుతున్నాను. పుస్తకంలో ‘సెట్టింగ్’ వేరు, ‘హార్డెనింగ్’ వేరు అని ఉంది. సైట్‌లో మేస్త్రి మాత్రం ‘ఆరింది, సెట్టయింది’ అని రెంటినీ కలిపేస్తాడు. ఏది సరి? (విద్యార్థి, మహబూబ్‌నగర్)

జవాబు: పుస్తకం చెప్పిందే సరి. పైగా ఇక్కడ మాట తేడా పని తేడాకు దారితీస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ముందుగా ‘ఆరడం’ అనే మాటను పక్కన పెట్టండి. బట్ట ఆరినట్టు సిమెంటు ఆరదు. నీటితో కలిసి రసాయన చర్య జరిగి బిగుస్తుంది. నీటి అడుగున పోసినా బిగుస్తుంది. వంతెనల పునాదులు నిలబడింది అందువల్లనే. ‘ఆరింది’ అనే మాట నమ్మి తడపడం మానేస్తే ఆ చర్య సగంలో ఆగిపోతుంది, పైపొర పిండిలా రాలుతుంది, పగుళ్లిస్తుంది.

‘సెట్టింగ్’ అంటే ముద్ద తన మెత్తదనం పోగొట్టుకుని ఒక ఆకారంలో నిలిచిపోవడం. దీన్ని వికాట్ పరికరంతో కొలుస్తారు. 40 మిల్లీమీటర్ల ఎత్తున్న అచ్చులో సిమెంటు ముద్ద నింపి, ఒక మిల్లీమీటరు చదరపు సూదిని వదులుతారు. మొదట్లో సూది అడుగుదాకా దిగిపోతుంది. కాసేపటికి అడుగుకు సుమారు 5 మిల్లీమీటర్ల పైనే ఆగిపోతుంది. నీళ్లు కలిపినప్పటి నుంచి అప్పటిదాకా పట్టిన కాలమే ‘ఇనీషియల్ సెట్టింగ్ టైమ్’. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇది 30 నిమిషాలకు తగ్గకూడదు. ముద్ద మీద సూది మొన మాత్రమే గుర్తు వేసి, దాని చుట్టూ తొడిగిన చిన్న వలయం గుర్తు వేయలేని దశ ‘ఫైనల్’. అది 600 నిమిషాలు దాటకూడదు. అంత వ్యవధి దొరకడానికి కారణం సిమెంటు నూరేటప్పుడు కొద్దిగా కలిపే జిప్సం. అది లేకపోతే నీళ్లు పోసిన కాసేపటికే ముద్ద బిగుసుకుపోతుంది.

‘హార్డెనింగ్’ అంటే ఆ తర్వాత బలం పెరగడం. లెక్కకు 28 రోజుల బలాన్ని తీసుకుంటారు. ఆ బలం రావడానికి తడి ఉండాలి కాబట్టి మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) వంటివి కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజులు తడుపుతూ ఉండాలని నిబంధన. ఎండలు మండుతుంటే ఇంకా ఎక్కువ రోజులు తడపాలి.

సైట్‌లో ఎక్కువగా జరిగే తప్పు ఒకటుంది. మాలు (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద) తట్టలో ఉండగానే బిగుస్తుంది. మేస్త్రి చెంబెడు నీళ్లు చల్లి, తాపీతో నాలుగుసార్లు తిప్పి మళ్లీ మెత్తగా చేస్తాడు. చేతికి మెత్తగానే తగులుతుంది కానీ అప్పటికే కట్టుకోవడం మొదలైన బంధాలు తెగిపోయాయి, నీటి పాలు పెరిగిపోయింది. ఆ మాలుతో కట్టిన వరసలో బలం ఉండదు. ఎంత వాడగలరో అంతే కలుపుకోవాలి, కలిపింది బిగుసుకోకముందే వాడెయ్యాలి. సెట్టయిన మాలును పారబోయడమే లాభం.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. పిల్లలకు తెలుగు నేర్పుతున్నాను. ‘పెరుగు సెట్ అయింది, సన్ సెట్ అయింది’ అంటున్నారు. నాకే ఒక్కోసారి సరైన మాట తట్టడం లేదు. (ఒక తల్లి)

జవాబు: ఇక్కడ తెలుగుకున్న సంపద చూడండి. ఇంగ్లిష్ ఒకే మాటతో సరిపెట్టిన చోట మనం ప్రతిదానికీ విడి క్రియ పెట్టుకున్నాం. పెరుగు తోడుకుంటుంది. నెయ్యి పేరుకుంటుంది. సిమెంటు బిగుస్తుంది. ఎముక అతుక్కుంటుంది. పాకం ముదురుతుంది. పొద్దు కుంకుతుంది. చెట్టు పిందె కడుతుంది. వాన పట్టుకుంటుంది.

పిల్లలకు జాబితా ఇవ్వకండి, వంటింట్లో చూపించండి. రాత్రి గోరువెచ్చటి పాలలో చెంచాడు పెరుగు వేస్తూ ‘తోడు పెడుతున్నాను’ అనండి. పొద్దున్న గిన్నె కొంచెం వంచి, కదలకుండా నిలిచిన పెరుగు చూపించి ‘తోడుకుంది’ అనండి. మొదటిది మనం చేసే పని, రెండోది దానంతట అది జరిగే పని. ఇంగ్లిష్‌లో రెంటికీ ‘సెట్’ అనే అంటారు కాబట్టి పిల్లలు తడబడేది అక్కడే. చలికాలం తోడుకోకపోతే ‘ఇంకా తోడుకోలేదు’ అనే మాటా వస్తుంది. ఒక్క గిన్నెతో మూడు రూపాలు నోటికి వస్తాయి.

ప్రశ్న: వ్యవసాయ డిప్లొమా పాఠాల్లో ‘ఫ్రూట్ సెట్’ అని ఒకచోట, చెరకు పాఠంలో ‘సెట్’ అని ఇంకోచోట ఉంది. రెండూ ఒకటేనా? (విద్యార్థి, అనకాపల్లి జిల్లా)

జవాబు: కాదు. ‘ఫ్రూట్ సెట్’ అంటే పిందె కట్టడం. పూత నిండా ఉన్నా పిందె కట్టకపోతే కాపు లేనట్టే. టమాటాలో రాత్రివేళ వేడి ఎక్కువైతే పుప్పొడి సరిగా పనిచేయక పూలు రాలిపోతాయి. అప్పుడు ‘పూర్ ఫ్రూట్ సెట్’ అని రాస్తారు. దాన్ని ‘పండు అమరిక సరిగా లేదు’ అని తెలుగు చేసిన కరపత్రం రైతుకు ఏం చెబుతుంది? ‘పిందె సరిగా కట్టలేదు’ అంటే చాలు.

చెరకు పాఠంలోది నాటడానికి నరికే గడ ముక్క. ఇంగ్లిష్‌లో దీనికి చివర ‘టీ’ రెండుసార్లు రాస్తారు. మనకు దానికి చక్కటి మాట ఉంది, ముచ్చె. ‘త్రీ బడెడ్ సెట్’ అంటే మూడు కళ్ల ముచ్చె, ‘సెట్ ట్రీట్‌మెంట్’ అంటే ముచ్చెల శుద్ధి. పరీక్షలో ఇంగ్లిష్ మాట రాయండి, పొలంలో ముచ్చె అనండి.

ప్రశ్న: కోర్టు వార్తలు అనువదిస్తాను. ‘సెట్ ఎసైడ్’ను ‘పక్కన పెట్టింది’ అని రాస్తే తప్పా? (విలేకరి, వరంగల్)

జవాబు: బడ్జెట్ వార్తలో తప్పు కాదు. ఒక పనికి డబ్బు ‘సెట్ ఎసైడ్’ చేశారంటే పక్కన పెట్టారు, కేటాయించారు. కోర్టు వార్తలో మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. పక్కన పెట్టిందంటే తర్వాత చూద్దామని వాయిదా వేసినట్టు చదువరికి తోస్తుంది. పైకోర్టు కింది కోర్టు తీర్పును ‘సెట్ ఎసైడ్’ చేస్తే ఆ తీర్పు ఇక చెల్లదు. ‘రద్దు చేసింది’ లేదా ‘కొట్టేసింది’ అని రాయండి.

సివిల్ కేసుల్లో ఇంకో చిక్కుముడి ఉంది. ప్రతివాది హాజరు కాకపోతే మన కోర్టుల్లో అతన్ని ‘సెట్ ఎక్స్‌పార్టీ’ చేశారంటారు. అంటే అతను లేకుండానే విచారణ సాగుతుంది. తర్వాత అతను వచ్చి తగిన కారణం చూపిస్తే ఆ ఉత్తర్వును ‘సెట్ ఎసైడ్’ చేయవచ్చు. రెండు ‘సెట్’లు ఒకే వాక్యంలో వస్తాయి. మొదటిది అతన్ని ఆ స్థితిలో కూర్చోబెట్టింది, రెండోది ఆ స్థితిని తీసేసింది. ‘గైర్హాజరీ వల్ల ఏకపక్షంగా సాగిన విచారణ ఉత్తర్వును రద్దు చేశారు’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. విచారణ దాటి డిక్రీ కూడా వచ్చేసి ఉంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9, రూల్ 13 కింద దరఖాస్తు పెట్టుకోవాలి. గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమన్లు సరిగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. ‘పక్కన పెట్టారు’ అని చదివి నిశ్చింతగా కూర్చున్న మనిషికి ఈ గడువు దాటిపోతే జరిగే నష్టం చిన్నది కాదు. అందుకే ఈ మాట దగ్గర ఇంత పట్టుదల.

ప్రశ్న: మాట్లాడేటప్పుడు ‘జాబ్ సెట్ అయింది, సంబంధం సెట్ అయింది, ఈ రంగు నాకు సెట్ అవలేదు’ అంటాం. ఇవే ఇంగ్లిష్‌లో ‘సెట్’తో చెప్పొచ్చా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: కుదరదు. ఈ ‘సెట్’ వేషం ఇంగ్లిష్‌ది, ఒళ్లు తెలుగుది. ‘జాబ్ సెట్ అయింది’కి ఇంగ్లిష్‌లో ‘ఐ గాట్ ద జాబ్’. ‘సంబంధం సెట్ అయింది’కి ‘ద మ్యాచ్ ఈజ్ ఫిక్స్‌డ్’ అని మన దేశంలో చెల్లుతుంది, బయటివాళ్లతో అయితే ‘దే ఆర్ గెటింగ్ మ్యారీడ్’ అనడం మేలు. రంగు నప్పకపోతే ‘డజంట్ సూట్ మి’, కొలత సరిపోకపోతే ‘డజంట్ ఫిట్ మి’. ఇద్దరికీ పడకపోతే ‘దే డోంట్ గెట్ అలాంగ్’. ‘డేట్ సెట్ చేశారు’ అన్నది మాత్రం ఉన్నదున్నట్టు సరిపోతుంది.

మీరు రాసిన మొదటి రెండు వాక్యాల్లో ‘సెట్ అయింది’ తీసేసి ‘కుదిరింది’ పెట్టి చూడండి. ఉద్యోగం కుదిరింది, సంబంధం కుదిరింది. బేరం కుదురుతుంది, ముహూర్తం కుదురుతుంది, చేయి కుదురుతుంది, మనసు కుదుటపడుతుంది. కుదురు అంటే గుండ్రటి అడుగున్న కుండ దొర్లిపోకుండా కింద పెట్టే గడ్డి చుట్ట. పూర్వం ప్రతి వంటింట్లో ఉండేది. కుండను తెచ్చి నేల మీద పెడితే అటూ ఇటూ ఊగుతుంది, కుదురు మీద పెట్టి కొంచెం తిప్పితే సరిగ్గా కూర్చుని నిలబడుతుంది. ఇంగ్లిష్ ‘సెట్’ వెనకున్న బొమ్మ ఇదే, ఒకదాన్ని దాని చోట కదలకుండా కూర్చోబెట్టడం. మన నోట ‘సెట్’ ఇంత తేలిగ్గా చొరబడిందంటే, ఈ బొమ్మ మనకు ముందే ఉండడం వల్లనేమో అనిపిస్తుంది. ‘సెట్’ వాడొద్దని చెప్పడం లేదు. ‘కుదిరింది’ అనే మాటను మాత్రం మర్చిపోవద్దని మనసారా కోరుతున్నాం.

ప్రశ్న: ఆఫీసులో ‘మూడు సెట్లు తీసుకురండి’ అన్నారు. మూడు జిరాక్సులు తీసుకెళ్తే తిప్పి పంపారు. (పాఠకుడు, ఒంగోలు)

జవాబు: ఒక ‘సెట్’ అంటే అడిగిన కాగితాలన్నీ, ఒక్కోటి ఒక్కో ప్రతి, వరసలో పెట్టిన కట్ట. 4 కాగితాలు అడిగి 3 సెట్లు అన్నారంటే మొత్తం 12 జిరాక్సులు. ప్రతి సెట్‌నూ విడిగా పిన్ను కొట్టాలి, స్వయంధ్రువీకరణ సంతకం ప్రతి కాగితం మీదా ఉండాలి. ప్రింటర్‌లో తీస్తుంటే ‘కొలేట్’ అనే గడిలో టిక్కు పెట్టండి. అప్పుడు 1, 2, 3, 4 వరసగా వచ్చి, మళ్లీ 1 నుంచి మొదలవుతుంది. టిక్కు లేకపోతే మొదటి పేజీ మూడుసార్లు, రెండో పేజీ మూడుసార్లు వస్తాయి. వాటిని చేత్తో సర్దేటప్పుడే ఏదో ఒకటి తప్పిపోతుంది.

ప్రశ్న: ఎంసెట్‌లోని ‘సెట్’, సెట్ దోశలోని ‘సెట్’ ఒకటేనా? (పదో తరగతి విద్యార్థిని, ఖమ్మం)

జవాబు: కాదు. ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్), ఐసెట్, లాసెట్, ఎడ్‌సెట్ చివరనున్నది మాట కాదు, ‘కామన్ ఎంట్రన్స్ టెస్ట్’లోని మొదటి అక్షరాలు. కాబట్టి ఇంగ్లిష్‌లో అది ‘సీ’ అక్షరంతో మొదలవుతుంది. అధ్యాపక అర్హతకు రాసే ‘సెట్’ మళ్లీ వేరు, అది ‘స్టేట్ ఎలిజిబిలిటీ టెస్ట్’. సెట్ దోశది మాత్రం అసలు ‘సెట్’. కన్నడ దేశపు ఈ మెత్తటి దోశను ఒకటిగా వడ్డించరు, సాధారణంగా మూడు కలిపి ఒక ప్లేటు.

ప్రశ్న: ‘సెట్’ పక్కన అప్, ఆఫ్, ఇన్, బ్యాక్ చేరితే అర్థం ఎటో వెళ్లిపోతోంది. (గృహిణి, తెనాలి)

జవాబు: పక్కన చేరిన చిన్న మాట దిక్కు చూపిస్తుంది. ‘సెట్ అప్’ అంటే నిలబెట్టడం. దుకాణం పెట్టడానికీ, యంత్రాన్ని బిగించడానికీ వాడతారు. ఎవరినైనా కావాలని ఇరికించినా ఇదే మాట. ‘సెట్ ఆఫ్’ అంటే కదిలించడం. ప్రయాణానికి బయల్దేరడం, టపాకాయ పేల్చడం, అలారం మోగేలా చేయడం అన్నీ ఇందులోకే వస్తాయి. లెక్కల్లో మాత్రం ‘సెట్ ఆఫ్’ అంటే చెల్లుకు చెల్లు, మీకు రావాల్సిందీ మీరివ్వాల్సిందీ ఎదురెదురు పెట్టి మిగిలింది తేల్చడం. ‘సెట్ ఇన్’ అంటే వచ్చి తిష్ఠ వేయడం. ‘రెయిన్ హ్యాజ్ సెట్ ఇన్’ను ‘వాన ప్రారంభమైంది’ అనడం కంటే ‘ముసురు పట్టింది’ అనడం సరి.

‘సెట్‌బ్యాక్’ పత్రికలో కనిపిస్తే ఎదురుదెబ్బ. ఇంటి ప్లానులో కనిపిస్తే స్థలం హద్దు నుంచి గోడదాకా నాలుగు వైపులా వదలాల్సిన ఖాళీ. ఎంత వదలాలన్నది స్థలం విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు, కట్టే ఎత్తు బట్టి మారుతుంది. ప్లాను మీద ఆ కొలతలు మీటర్లలో ఉంటాయి, మేస్త్రి అడుగుల్లో కొలుస్తాడు. ఒక మీటరు అంటే మూడు అడుగుల మూడున్నర అంగుళాలకు కొద్దిగా తక్కువ. దాన్ని మూడడుగులుగా పట్టుకుని పునాది తీస్తే గోడ సెట్‌బ్యాక్‌లోకి వచ్చేస్తుంది. ముగ్గు పోసిన రోజే టేపును మీటర్ల వైపు తిప్పి కొలిపించండి.